సీరియల్ పోలీసుల 24 గంటలు

శ్రోతలకు నమస్కారం. మా ఇంట్లో రాత్రి భోజనాలవేళ టీవీలో పోలీసు సీరియల్ మోగాల్సిందే. వాళ్లు కథ చూస్తారు, నేను తప్పులు వెతుకుతాను.

ఈ మధ్య చూసిన ఒక భాగం సంగతి చెబుతాను. ఎస్సై గారు హడావిడిగా తిరుమలకు బయలుదేరారు. అలిపిరిలో జీపు ఎక్కినప్పుడు భుజం మీద రెండు నక్షత్రాలు. సరే, ఎస్సైకి రెండే. మలుపు తిరిగేసరికి మూడు! అంటే ఇన్‌స్పెక్టర్ అయ్యారు. మరి భుజపట్టీ చివర ఎరుపు, నీలం రిబ్బను ఏదీ? అదీ మాయం. రిబ్బను లేకుండా మూడు నక్షత్రాలుంటే డీఎస్పీ. ఒక్క మలుపులో రెండు ప్రమోషన్లు! ఇంతకీ ఆ జీపు ఎక్కుతున్నది మొదటి ఘాట్ రోడ్డు. 1944 నాటి ఆ దారిలో ఇప్పుడు దిగడమే. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ మీద. తిరుపతిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే మన కొత్త డీఎస్పీ గారి గతి ఏం కాను?

వీటిని నవ్వి వదిలేయవచ్చు. తరువాతి సన్నివేశాన్ని వదలలేకపోయాను. బిడ్డ తప్పిపోయిందని ఒక తల్లి స్టేషన్‌కు పరుగెత్తుకు వస్తుంది. "24 గంటలు చూడమ్మా, అప్పటికీ రాకపోతే ఫిర్యాదు తీసుకుంటాం" అంటాడు హెడ్ కానిస్టేబుల్. ఏ 24 గంటలు? అలా ఆగమని ఏ చట్టమూ చెప్పలేదు. చట్టంలో ఉన్న 24 గంటలు వేరు: అరెస్టు చేసిన మనిషిని ఆలోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. రచయితలకు నా మనవి ఒక్కటే: నక్షత్రాలు ఎన్నిసార్లైనా మార్చుకోండి, ఈ డైలాగు మాత్రం రాయకండి. నిజమని నమ్మి, స్టేషన్ గడప తొక్కకుండా బయటే ఎదురుచూసే అమాయకులున్నారు.

మన ఊరికి రోజూ ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వస్తారు. బస్టాండులోనో రైల్వే స్టేషన్‌లోనో చంటివాడి చేయి జారడానికి క్షణం చాలు. అలాంటి వాళ్లు మీ కంటబడితే ముందు 112కు ఫోను చేయించండి. పిల్లల కోసం 1098 కూడా ఉంది. దగ్గరలోని స్టేషన్‌కు తీసుకువెళ్లండి. అది తమ పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్, రాయమని అడగవచ్చు. 2024 జూలై 1 నుంచి అది చట్టంలోనే ఉంది. బిడ్డ వేసుకున్న బట్టల రంగు చెప్పించండి, ఫోనులో ఆ ఉదయం తీసిన ఫోటో ఉంటే చూపించండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోమనండి.