లాంచీ అడుగున నూనె: సర్ఫు వేయకండి

నాగార్జునసాగర్ జలాశయంలో లాంచీలు, మోటారు పడవలు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఇంజిన్ కింద, పడవ అడుగున నీళ్లు చేరే గుంట గురించి నాలుగు మాటలు చెబుతాను. బిల్జ్ అంటాం దాన్ని. షాఫ్టు గ్లాండు (ఫ్యాను తిప్పే కడ్డీ పడవ బయటికి పోయే చోట నీళ్లు రాకుండా ఉండే బిగింపు) నుంచి కారే నీళ్లు, ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు మార్చేటప్పుడు ఒలికే డీజిలు, అన్నీ దిగేది అక్కడికే.

అడుగు జిడ్డుపడితే సర్ఫు చల్లి, బ్రష్షుతో రుద్ది, పంపు వేసి జలాశయంలోకి తోడేయడం చాలామందికి అలవాటు. ఇదిగో, ఈ సీసాలో నీళ్లు, పైన కాస్త డీజిలు. ఊపి పెడుతున్నా, చూడండి. డీజిలు మళ్లీ పైకి తేలుతోంది. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములే కదా, నీటికంటే తేలిక. ఇప్పుడు చిటికెడు సర్ఫు వేసి ఊపుతా. పాలలా తెల్లబడిపోయింది! డీజిలు ఎక్కడికీ పోలేదు, సన్నటి బిందువులై నీళ్లలో దాక్కుంది. తేలుతుంటే తీసేయొచ్చు, ఇలా కలిశాక తీయలేం. చేపలకూ ఇదే ఎక్కువ చేటు.

పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తిపోస్తే అక్కంపల్లి జలాశయానికి, అక్కడి నుంచి హైదరాబాద్ నల్లాలకు పోయేవి ఈ సాగర్ నీళ్లే. ఫ్లోరైడ్ బోర్లతో నడుములు వంగిపోయిన మన నల్లగొండ ఊళ్లకు దిక్కయిందీ ఈ కృష్ణే.

రాత్రంతా పడవ కదలకుండా ఉంటే నూనె పైకి చేరుతుంది. అందుకే పొద్దున ఇంజిన్ వేయకముందే పని మొదలుపెట్టాలి. ఆటోమేటిక్ పంపు ఉంటే ముందు ఆపండి. పని కాగానే మళ్లీ ఆన్ చేయడం మరవద్దు, అడుగుకు చిల్లి పడిన రోజు కాపాడేది అదే. నూనె మందంగా ఉన్నచోట చిన్న డబ్బాతో పైపైన తోడి, మిగిలిన పొర మీద పాలీప్రొపిలీన్ ప్యాడ్లు పరచండి. అవి నూనెనే పీలుస్తాయి, నీటిని ముట్టవు. పాత గుడ్డలైతే ముందు నీళ్లు తాగి కూర్చుంటాయి. ప్యాడుకు దారం కట్టండి, పంపు నోట్లో ఇరుక్కుంటే ఇంకో తలనొప్పి.

పెట్రోలు ఇంజిన్ల వాళ్లు జాగ్రత్త. ఆ ఆవిరి గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. వాసన తగిలితే పంపు స్విచ్చు కూడా ముట్టొద్దు, బీడీ సంగతి చెప్పక్కర్లేదు. జనాన్ని దింపి, మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వాలి.

నన్నడిగితే కడగడం సగం పనే, అసలు పని కారే చోటు పట్టుకోవడం. అడుగు పొడిగా తుడిచి, బెల్టుకు తగలకుండా ఇంజిన్ కింద తెల్ల అట్ట పరచి కాసేపు నడపండి. మచ్చ పడిన చోటికి సరిగ్గా పైన వెతికితే డీజిలు పైపు క్లిప్పో, రాగి వాషరో, సంపు (ఇంజిన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) గాస్కెట్టో దొరుకుతుంది. వాషరు పాతదే మళ్లీ బిగించకండి, చిల్లర ఖర్చుకు చూసుకుంటే చుక్కలు ఆగవు.

కాలిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. మూత ఉన్న డబ్బాలో ఒడ్డుకు తెచ్చి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. నీళ్లు కలిసిన డీజిలును అందులో పోయకుండా వేరే డబ్బాలో ఉంచండి. ప్యాడ్లు తెచ్చాను, దగ్గర్లో ఎవరి లాంచీ ఉంటే దాని మూత తీద్దాం పదండి.