పాత ఆది జాకెట్టు పక్కన పెట్టండి

అందరికీ నమస్కారం.

బరువు తగ్గినాక పెళ్ళికి వెళ్తే మన నెల్లూరులో ముందు వినబడే మాట, "ఏమ్మా, చిక్కిపోయావు, ఒంట్లో బాగాలేదా?" ఏడాదిపాటు నోరు కట్టుకుని తగ్గిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. అడిగినవాళ్ళనీ తప్పుపట్టలేం. భుజం మీంచి జారే జాకెట్టు మనిషిని జబ్బుపడి లేచినట్టే చూపిస్తుంది. లోపం ఒంట్లో లేదు, టైలరుకి కొలతకిచ్చే ఆదిలో ఉంది.

పాత జాకెట్టు ఆదిగా ఇచ్చి "దీనికంటే కొంచెం టైటుగా" అంటాం. టైలరు పక్క కుట్లు లోపలికి వేస్తాడు. ఒక్కో పక్క అర అంగుళం దాకా ఫరవాలేదు. బాగా లోపలికి పట్టేస్తే చంక బిగుస్తుంది, మెడ మాత్రం పాత వెడల్పులోనే ఉండిపోతుంది. డాట్ల (ఛాతీ దగ్గర వేసే మడత కుట్ల) కొనలు పక్కకి పోయి గుడ్డ తిత్తిలా ఉబ్బుతుంది. అందుకని భుజం, పై ఛాతీ, ఛాతీ, నడుము, చంక చుట్టు, చెయ్యి చుట్టు, డాట్ పాయింటు, అన్నీ టేపుతో కొత్తగా ఇవ్వండి. రోజూ వేసుకునే లోదుస్తు మీదే కొలవాలి. అదీ పాతదైతే ముందు దాన్ని మార్చండి.

మొదట మామూలు కాటన్ గుడ్డ నానబెట్టి, ఆరబెట్టి, ఒక్కటే కుట్టించండి. లోపల పక్కకి ఒక అంగుళం గుడ్డ వదలమనండి. దాన్ని ఒక పూటంతా వేసుకుని వంటపని చేయండి, అటక మీది డబ్బా అందుకోండి. జారకుండా, పట్టకుండా ఉంటే అదే మీ కొత్త ఆది. పట్టు జాకెట్ల జోలికి మాత్రం బరువు రెండు మూడు నెలలు నిలకడగా ఉన్నాకే వెళ్ళండి. పట్టు మీద పాత కుట్టు విప్పితే సూది బొక్కలు అలాగే కనబడతాయి.

చీరకి ఈ బాధ లేదు. నడుము పది అంగుళాలు తగ్గితే రెండు చుట్లలో ఇరవై అంగుళాల గుడ్డ మిగులుతుంది, అంటే జానెడులో సగం వెడల్పు కుచ్చిళ్ళు రెండు ఎక్కువొస్తాయి. అంత గుత్తి వద్దనుకుంటే పైట పొడుగు పెంచండి. అసలు చిక్కు లంగాతో. పాత లంగా బొందు బిగిస్తే గుడ్డంతా బొడ్డు దగ్గర ముద్దవుతుంది. పలచటి వెంకటగిరి నేత చీరలో ఆ ముద్ద ఇట్టే తెలిసిపోతుంది. ఆరు ముక్కల లంగా కొత్త నడుముకి కుట్టించుకోండి. చీరకంటే ముందు దీనికే డబ్బు పెట్టమంటాను.

మగవాళ్ళకి ఒక్క మాట. ప్యాంటు నడుము రెండు అంగుళాలకి మించి పట్టిస్తే వెనక జేబులు దగ్గరికొచ్చేస్తాయి. భుజం కుట్టు చేతి మీదికి జారిన చొక్కాని బాగుచేయించడం దండగ.

అంగట్లో చెయ్యి ఇంకా ఎక్స్ఎల్ వైపే పోతుంది. కంటికి కొత్త ఒళ్ళు అలవాటు కావడానికి టైము పడుతుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండు సైజులు వేసుకుని, పక్క నుంచీ వెనక నుంచీ ఫోటో తీయించుకుని, అప్పుడు ఎంచుకోండి.

ఇప్పుడు కొలతలు తీసుకుందాం. భుజం కొలత ఎవరిది వాళ్ళు తీసుకోలేరు. ఇద్దరిద్దరుగా నిలబడండి. టేపు ఒక భుజం ఎముక చివర పెట్టి, మెడ వెనక మీదుగా రెండో ఎముక దాకా పట్టండి. చేతులు కిందికి వదిలేయాలమ్మా.