జీ2 కేంద్రకం ఎందుకు కదల్లేదు?

1970లో డెన్వర్‌లో పోటు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్ హీలా కణాలను (ప్రయోగశాలలో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు), కణాలను కలిపే సెండై వైరస్ సాయంతో, జంటలుగా అతికించారు. డీఎన్‌ఏ నకలు అవుతున్న ఎస్ దశ కణంతో, దానికి ముందు దశ అయిన జీ1లోని కణాన్ని కలిపితే, జీ1 కేంద్రకం వేళకు ముందే నకలు మొదలుపెట్టింది. నకలు పూర్తయి విభజనకు సిద్ధమవుతున్న జీ2 కణాన్ని కలిపితే మాత్రం దాని కేంద్రకం కదల్లేదు, మళ్లీ నకలు మొదలుపెట్టలేదు. రెండు కేంద్రకాలూ ఒకే కణద్రవ్యంలోనే ఉన్నాయి కదా, మరి తేడా ఎక్కడుంది?

ముందు ఒక లెక్క చూద్దాం. మన ఒకటో క్రోమోజోమ్‌లో దాదాపు 25 కోట్ల బేస్ జతలు (డీఎన్‌ఏ నిచ్చెనలో మెట్లు) ఉన్నాయి. నకలు తీసే ఫోర్క్ (డీఎన్‌ఏ పోగులు విడిపోతూ ముందుకు సాగే చోటు) నిమిషానికి సుమారు 2,000 జతలు దాటుతుంది. నట్టనడుమ మొదలై రెండు వైపులా నడిచినా 43 రోజులు కావాలి. కణానికి దొరికేది ఎనిమిది గంటలు. అందుకే ఒక్కో కణంలో 30 వేల నుంచి 50 వేల చోట్ల పని మొదలవుతుంది. ఒకసారి నకలైన చోట మళ్లీ మొదలు కాకూడదు. అసలు చిక్కు అదే.

దీనికి కణం రెండు వేళలు పెట్టుకుంది. జీ1లో సీడీకే అనే ఎంజైమ్ చురుకు తక్కువ. అప్పుడు డీఎన్‌ఏ మీద కూర్చున్న ఓఆర్‌సీ అనే ప్రోటీన్ల గుంపు, సీడీసీ6, సీడీటీ1 ప్రోటీన్లతో కలిసి, పోగులు విప్పే ఎంసీఎం ఉంగరాలను డీఎన్‌ఏకు ముఖాముఖిగా రెండేసి తొడుగుతుంది. తొడిగినా అవి కదలవు. ఎస్ దశలో సీడీకే, డీడీకే అనే మరో ఎంజైమ్ పుంజుకుని, సీడీసీ45, జిన్స్ అనే తోడు ప్రోటీన్లు వచ్చి చేరాకే చెరో దిక్కుకు పోగులు విప్పుకుంటూ సాగుతాయి. ఫోర్క్ దాటిన చోట ఉంగరం మిగలదు. నడవమన్న ఆ సీడీకేనే కొత్తవి తొడగనివ్వదు. మన కణాల్లో పైగా జెమినిన్ అనే ప్రోటీన్ సీడీటీ1ను పట్టి ఉంచుతుంది. జీ2 కేంద్రకంలో లేనిది ఆ ఉంగరమే.

జెమినిన్‌ను తీసేస్తే చాలా రకాల క్యాన్సర్ కణాల్లో డీఎన్‌ఏ 4ఎన్ (ఒకసారి నకలయ్యాక ఉండాల్సిన మొత్తం) దాటిపోతుంది. వెనకొచ్చిన ఫోర్క్ ముందున్నదాన్ని గుద్దితే పోగులు తెగుతాయి. ఒక్కో కణంలో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే ఫ్లో సైటోమెట్రీలో 4ఎన్ శిఖరానికి కుడివైపు తోక సాగితే ఇలా మళ్లీ నకలవడాన్ని అనుమానించండి. 8ఎన్ దగ్గర విడిగా శిఖరం లేస్తే మాత్రం ముందు విభజన తప్పిందేమో చూడాలి. ఈ రెంటినీ కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ఈ కట్టడికి మూల్యమూ ఉంది. ఎదురెదురుగా వస్తున్న రెండు ఫోర్కులూ ఆగిపోతే నడిమి భాగం నకలు కాదు, అక్కడ కొత్త ఉంగరం తొడగడానికి ఎస్ దశలో వీల్లేదు. అందుకే కణం జీ1లోనే ఉంగరాలను అవసరానికి ఎన్నో రెట్లు తొడిగి ఉంచుతుంది, చాలావరకు వాడదు. ఎంసీఎం బాగా తగ్గించిన కణాలు పెంపకంలో మామూలుగానే కనిపిస్తాయి. కాస్త హైడ్రాక్సీయూరియా అనే మందు పోసి ఫోర్కులను నెమ్మదింపజేస్తే తట్టుకోలేవు.