గోరింటాకు నల్లగా పండదు

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి పిలిచినప్పుడు నిర్వాహకులు అంశాన్ని ‘హెన్నాతో సహజ కేశ సంరక్షణ’ అని రాసి పంపారు. అందులో ‘సహజ’ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆకు సహజమైనదే, అందులో వివాదం లేదు. కానీ ఆ ఆకు మన తలకెక్కే లోపల ఎండి, నలిగి, పొడి అయి, ప్యాకెట్టులో చేరుతుంది. చేరేటప్పుడు ఒక్కోసారి ఒంటరిగా ఉండదు. హెన్నా పెట్టుకుంటే మాడు మంట పుట్టిందనీ, ముఖం వాచిందనీ, జుట్టు పీచులా విరిగిందనీ వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి ఆకు బాధ్యురాలు కాదు, ఆకు పేరు చెప్పుకుని వచ్చిన మరొకటి బాధ్యురాలు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ రెంటినీ వేరు చేసి చూడటం గురించే.

ముందుగా ఆకు సంగతి. వృక్షశాస్త్రంలో ఈ మొక్కను లాసోనియా ఇనెర్మిస్ అంటారు. 1753లో లినేయస్ పెట్టిన పేరు అది. రంగునిచ్చే పదార్థానికి మొక్క పేరు మీదుగానే లాసోన్ అని పేరు వచ్చింది. ఎండుటాకు బరువులో ఇది సుమారు 0.5 నుంచి 2 శాతం దాకా ఉంటుంది, అంటే నూరు గ్రాముల పొడిలో మనకు పనికొచ్చేది అర గ్రాము నుంచి రెండు గ్రాములే. పైగా అది ఆకులో సిద్ధంగా కూర్చుని ఉండదు. చక్కెర అణువుతో ముడిపడిన రూపంలో దాగి ఉంటుంది. అందుకే చెట్టు మీది ఆకును ఎంతసేపు పట్టుకున్నా అరచేయి ఎర్రబడదు. ఆకును నలిపి, తడిపి, కొంత సమయం ఇస్తే ఆ ముడి విడిపోయి, గాలి తగిలి, లాసోన్ తయారవుతుంది. కొద్దిపాటి పులుపు ఉంటే అది మరికొంతసేపు నిలకడగా ఉంటుంది కనుకనే నిమ్మరసం పిండే అలవాటు ఏర్పడింది. అయితే ఒక కాయ పిండవలసిన చోట నాలుగు కాయలు పిండేవారున్నారు. రంగు నాలుగింతలు కాదు, మాడు మాత్రం ఎండిపోయి దురద పెడుతుంది.

ఇలా విడుదలైన లాసోన్ వెంట్రుకలోని కెరాటిన్ అనే మాంసకృత్తుతో గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. గోరు, చర్మపు పైపొర, వెంట్రుక మూడింటిలోనూ ఉన్నది కెరాటినే. చర్మం పైపొర రాలిపోతుంది కనుక అరచేతి రంగు కొద్ది రోజుల్లో వెలిసిపోతుంది. గోరూ వెంట్రుకా అలా పొరలుగా రాలవు కనుక అవి పెరిగి, కత్తిరించుకునే వరకు రంగు వాటితోనే ఉంటుంది. కాబట్టి నచ్చకపోతే కడిగేసుకుందామన్న ధీమాతో ఎవరూ హెన్నా మొదలుపెట్టకూడదు. అది కడిగితే పోయేది కాదు.

తెలుగులో మనం గోరింటాకు ‘అంటింది’ అనం, ‘పండింది’ అంటాం. రసాయన శాస్త్రం ఒప్పుకునే మాట అది. తల కడిగిన వెంటనే తెల్ల వెంట్రుకలు నారింజ రంగులో కనబడతాయి, చూసినవారు కంగారు పడతారు. తరువాతి ఒకటి రెండు రోజుల్లో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ రంగు ముదిరి రాగి రంగుకో ఎర్రటి గోధుమ రంగుకో చేరుతుంది. నల్లని జుట్టు మీద మాత్రం ఎండలో నిలబడితే తప్ప ఆ ఎరుపు పెద్దగా కనబడదు, ఎందుకంటే హెన్నా ఉన్న రంగు మీద ఇంకో రంగు వేస్తుందే గాని ఉన్నదాన్ని తేలిక చేయలేదు. పండటానికి రెండు రోజులు ఇవ్వాలి, ఆ రెండు రోజులూ షాంపూ జోలికి పోకూడదు.

ఇక్కడి నుంచి అసలు విషయానికి వస్తాను. లాసోన్ రంగు నారింజ, ఎరుపు, గోధుమ ఛాయల మధ్యనే తిరుగుతుంది. అది నల్లగా పండదు. ఎంత మంచి ఆకైనా, ఎన్ని గంటలు నానబెట్టినా, ఎన్నిసార్లు పెట్టినా నల్లబడదు. కనుక ‘బ్లాక్ హెన్నా’ అన్న పేరులోనే ఒక అబద్ధమో, కనీసం ఒక దాపరికమో ఉంది. నిజాయితీగా నలుపు రావాలంటే రెండో ఆకు కావాలి, అది నీలి ఆకు, అంటే నీలిమందు మొక్క ఆకు. ముందు హెన్నా పెట్టి, కడిగి, ఆపైన నీలి ఆకు పొడి పెడితే ఎరుపు మీద నీలం పడి నలుపు తేలుతుంది. అది సమయం తినే పని, చేయి తిరిగితే గాని సమంగా రాదు. ఒక్క పూతలో, అరగంటలో, బొగ్గులాంటి నలుపు వచ్చిందంటే ఆ పని ఆకులు చేసినది కాదు.

అలా చేసేది చాలా సందర్భాల్లో పారా ఫినిలిన్ డై అమైన్ అనే రసాయనం, పొట్టిగా పీపీడీ. ఇది తలకు వేసే మామూలు రంగుల్లోనూ ఉంటుంది. ఐరోపా నిబంధనల ప్రకారం, కలిపి తలకు పూసే వేళకు అది 2 శాతం మించకూడదు, చర్మం మీద నేరుగా వాడనే కూడదు. నల్ల హెన్నా పేరుతో దొరికే కొన్ని మిశ్రమాల్లో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ పీపీడీ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. పెట్టె మీద రంగు అని రాసి, పీపీడీ ఉందని ప్రకటించి, హెచ్చరిక ముద్రించి అమ్మితే కొనేవాడు తెలిసే కొంటాడు. ఆకు బొమ్మ వేసి, ‘హెర్బల్’ అని రాసి అదే పదార్థాన్ని అమ్మడమే నాకు సహించరానిదిగా తోస్తుంది.

మా చిన్నాన్న కూతురి అనుభవం చెబుతాను. ఆమె నాలుగేళ్లుగా ఒకే రకం నల్ల హెన్నా వాడేది, ఎన్నడూ ఏమీ కాలేదు. ఒక శనివారం రాత్రి ఎప్పటిలాగే పెట్టుకుంది. ఆదివారం సాయంత్రానికి చెవుల వెనుక దురద మొదలైంది. సోమవారం ఉదయం నేను చూసేసరికి రెండు కనురెప్పలూ ఉబ్బి కళ్లు చీలికల్లా ఉన్నాయి. నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత వెంబడి, పాపట పొడవునా సన్నటి పొక్కులు లేచి నీరు కారుతోంది. ‘అన్నయ్యా, ఇన్నేళ్లూ పడినది ఇప్పుడు పడకపోవడమేమిటి?’ అని ఆమె అడిగింది. సమాధానం ప్యాకెట్టు వెనక ఆవగింజంత అక్షరాల్లో ఉంది.

ఈ రకం అలర్జీ నడిచే తీరే అంత. శరీరం మొదట ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవాలి; ఆ గుర్తింపు మొదటి వాడకంలో జరగవచ్చు, పదో వాడకంలో జరగవచ్చు. గుర్తుపెట్టుకున్నాక మాత్రం సాధారణంగా జీవితాంతం మరిచిపోదు. అంతకంటే చిక్కు ఏమిటంటే, పీపీడీని పోలిన నిర్మాణం ఉన్న ఇతర పదార్థాలకు కూడా ఆ మనిషి స్పందించవచ్చు. నొప్పి తెలియకుండా ఆ చోటును మొద్దుబార్చే బెంజొకెయిన్ వంటి కొన్ని మత్తుమందులు, బట్టలకు వేసే కొన్ని రంగులు ఈ కోవలోకి వస్తాయి. అందుకే నల్ల హెన్నా పడని సంగతిని పళ్ల డాక్టరుకు కూడా చెప్పి ఉంచాలి.

పీపీడీ ఒక్కటే కాదు. ఎర్రగా త్వరగా పండటానికి సోడియం పిక్రమేట్ అనే రసాయన రంగు కలిపిన పొడులున్నాయి. లోహ లవణాలు కలిపినవీ ఉన్నాయి. వీటి దెబ్బ వెంటనే తెలియదు. లోహం పట్టిన జుట్టు మీద తరువాతెప్పుడో బ్లీచో, పెరాక్సైడ్ ఉన్న రంగో వేసినప్పుడు రెండూ కలిసి వేడెక్కి, జుట్టు ఆకుపచ్చగా మారడం, తెగిపోవడం జరుగుతాయి. హెన్నా పెట్టిన తల మీద రంగు వేయకూడదని పార్లర్లలో అంటారు గదా, ఆ మాట పుట్టింది స్వచ్ఛమైన ఆకు వల్ల కాదు, ఇలాంటి కల్తీ వల్ల. అయినా పొడి చరిత్ర మనకు తెలియనప్పుడు, దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకల మీద ముందుగా ఆ రంగును వేసి చూడటం మంచిది.

పొడిని ఎలా చూడాలో ఇప్పుడు ఇక్కడే చూపిస్తాను. ఈ రెండు పళ్లేల్లోనూ ఒక్కొక్క చెంచా పొడి ఉంది, రెండింటి ప్యాకెట్ల మీదా హెన్నా అనే ఉంది. మొదటిది కాస్త మాసిన ఆకుపచ్చ, ఎండుగడ్డి వాసన వేస్తోంది. రెండోది కళ్లు చెదిరే పచ్చదనం, వాసన ఘాటుగా ముక్కుకు తగులుతోంది. రెండింటినీ గోరువెచ్చని నీటితో తడిపి, చిటికెడేసి ముద్ద తడి తెల్ల కాగితం మీద పెట్టాను. రెండో ముద్ద చుట్టూ చూడండి, అప్పుడే పచ్చటి నీరు ఊరింది: పాత పొడిని కొత్తదిగా చూపడానికి పూసిన రంగు అది. మొదటిది ఇంకా ఏమీ చెప్పడం లేదు, చెప్పకూడదు కూడా. నా ప్రసంగం ముగిసి మీరు లేచే వేళకు దాని అంచున సన్నని నారింజ వలయం కనబడాలి. కొన్ని నిమిషాల్లోనే నల్లబడే పొడి అయితే నేరుగా చెత్తబుట్టలోకి. ఇది ఇంటి పరీక్ష మాత్రమే సుమా. మోసాలు కొన్నింటిని పట్టిస్తుంది గాని, పీపీడీ లేదని హామీ ఇవ్వదు. కనుక ప్యాకెట్టు వెనక పదార్థాల జాబితా లేని పొడిని కొనకపోవడమే నయం. జాబితాలో లాసోనియా ఇనెర్మిస్ ఆకు పొడి అన్న ఒక్క మాటే ఉంటే అంతకంటే కావలసినది లేదు.

జాబితా బాగున్నా చర్మాన్ని అడగాలి. తయారైన ముద్దను రూపాయి బిళ్లంత మేర మోచేతి మడతలోనో చెవి వెనుకనో రాసి, ఆరాక కడిగి, 48 గంటలు ఆ చోటును గమనించాలి. పావుగంట ఆగి ఏమీ కాలేదనుకోవడం పరీక్ష కాదు, ఎందుకంటే ఆలస్యంగా వచ్చే అలర్జీకి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. ప్యాకెట్టు మారిన ప్రతిసారీ, చివరికి అదే రకం కొత్త ప్యాకెట్టు విప్పినా, ఈ పరీక్ష మళ్లీ చేయాలన్నది నా పట్టుదల. మా ఇంట్లో ఇది చాదస్తంగా పేరుపడింది, పరవాలేదు.

పెట్టుకునే విధానం మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు, కనుక భద్రతకు సంబంధించినంత వరకే చెబుతాను. పొడి వస్త్రఘాళితంగా మెత్తగా ఉండాలి, లేకపోతే పుల్లలూ ఇసుకా మాడును గీరుతాయి. డబ్బాలోంచి వంపేటప్పుడు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. రోజూ ఈ పొడితో పనిచేసే క్షురకుల్లో, బ్యూటీషియన్లలో కొందరికి ఈ ధూళి వల్ల తుమ్ములు, ఆయాసం వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. యూరోపియన్ కమిషన్‌కు సలహా ఇచ్చే వినియోగదారుల భద్రతా శాస్త్రీయ కమిటీ 2013లో హెన్నాను తలకు రంగుగా వాడటం సురక్షితమేనని చెబుతూ పెట్టుకున్న కొలత, 100 గ్రాముల పొడికి 300 మిల్లీలీటర్ల మరిగిన నీరు, పొడిలో లాసోన్ 1.4 శాతం మించకుండా. నీరు మరిగినదైనా ముద్ద పూర్తిగా చల్లారాకే తలకు పెట్టాలని వేరే చెప్పనక్కరలేదు. పుండ్లు, గోకుళ్లు ఉన్న మాడు మీద వద్దు. కనుబొమలకు, కనురెప్పలకు అసలే వద్దు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెన్నాను తల వెంట్రుకలకు మాత్రమే అనుమతించి, కంటి పరిసరాల్లో వాడకాన్ని నిషేధించింది. రాత్రంతా ముద్దతో నిద్రపోవలసిన పని కూడా లేదు. రెండు మూడు గంటలు తడి ఆరకుండా ఉంచితే చాలు, ఎండి పెళుసెక్కిన ముద్ద రంగు ఇవ్వదు సరికదా, దులుపుకునేటప్పుడు వెంట్రుకలను తెంపుతుంది.

ప్రయోజనాల విషయంలో కొంచెం తగ్గి మాట్లాడుకుందాం. స్వచ్ఛమైన హెన్నా వెంట్రుక పైపొరకు అంటుకుని దాన్ని కాస్త దళసరిగా, మెరుపుగా కనిపించేలా చేస్తుంది. అది నిజం. జుట్టు మొలిపిస్తుందన్నది నిజం కాదు; మాడు పైకి వచ్చిన వెంట్రుక జీవం లేని పోగు, దానికి పూసిన రంగు కుదుళ్లకు ఆహారం కాలేదు. పైగా నెలకు నాలుగుసార్లు కొసల దాకా పట్టిస్తే జుట్టు బిరుసెక్కుతుంది. మొదటిసారి మొత్తానికి పెట్టి, ఆ తరువాత కొత్తగా పెరిగిన కుదుళ్ల మేరకే పెట్టుకోవడం తెలివైన పద్ధతి.

పసిపిల్లల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు స్వచ్ఛమైన ఆకుదే కావచ్చు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవారిలో లాసోన్ చర్మం గుండా రక్తంలోకి చేరి ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేయగలదు. శిశువులకు ఒళ్లంతా పూసినప్పుడు తీవ్రమైన రక్తహీనత, కామెర్లు వచ్చి ప్రాణాలు పోయిన సంఘటనలు కూడా ఉన్నాయి. ఆ లోపం ఉన్నదీ లేనిదీ చాలా కుటుంబాలకు ముందుగా తెలియదు. కాబట్టి శిశువులకు, చిన్న పిల్లలకు తలకైనా ఒంటికైనా హెన్నా పెట్టవద్దు. ఈ లోపం ఉందని తెలిసిన పెద్దలు కూడా డాక్టరును అడగకుండా పెట్టుకోవద్దు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా మంట, దురద మొదలైతే, రంగు పండలేదని ఓర్చుకుంటూ కూర్చోకుండా వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగేయాలి. పొక్కులు లేచినా, కళ్లు వాచినా చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లాలి. పెదవులు ఉబ్బినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు చెత్తబుట్టలో వేసిన ప్యాకెట్టును తీసి వెంట పట్టుకెళ్లండి. అలర్జీ దేనివల్ల వచ్చిందో తేల్చే పరీక్షకు వైద్యులు ముందుగా అడిగేది దాన్నే, అడుగున చెంచాడు పొడి మిగిలి ఉంటే మరీ మంచిది.