పాత పేపరు ముందు పెట్టుకుని ప్రోగ్రాం రాయండి

అందరికీ నమస్తే. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఈపాటికి మీ వాట్సాప్ గ్రూపుల్లో పాత పేపర్ల పీడీఎఫ్‌లు తిరుగుతూనే ఉంటాయి. మంచిదే. సీ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు పాత పేపర్లంత మంచి సాధన ఇంకోటి లేదని నా నమ్మకం. అయితే వాటిని చదివి పక్కన పెడితే లాభం లేదు, కూర్చుని రాయాలి.

ముందు పేపరు తీరు చూడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22లో (2022 నాటి సిలబస్, పరీక్షల నియమావళి) మన ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్ష, 60 మార్కులకు. పార్ట్ ఏలో ఒక మార్కు ప్రశ్నలు 10, పార్ట్ బీలో పది మార్కులవి 5, ప్రతి దానికీ ఛాయిస్ ఉంటుంది. అంతకుముందటి ఆర్18లో ఇదే పేపరు 75 మార్కులకు ఉండేది. మార్కుల లెక్క మారినంత మాత్రాన ఆ పేపర్లు పనికిరావనుకోకండి. స్ట్రక్చర్‌కూ యూనియన్‌కూ తేడా, కాల్ బై వాల్యూ, రికర్షన్, బైనరీ సెర్చ్ అప్పుడూ అడిగేవే, ఇప్పుడూ అడిగేవే.

మళ్లీ మళ్లీ వస్తున్నాయి కదా అని చాలామంది బట్టీకి దిగుతారు. గైడ్‌లో ఉన్న ప్రోగ్రాంను పద్యంలా అప్పజెప్తారు. పరీక్ష హాల్లో ఒక్క లైను గుర్తు రాకపోతే ఇక టెన్షన్, తెలిసిందీ రాయలేరు.

బైనరీ సెర్చ్‌నే తీసుకోండి. వరుస క్రమంలో ఉన్న సంఖ్యల్లో మధ్యది చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ వెతకడమే ఇది. అర్రేలో, అంటే సంఖ్యల వరుసలో, 10, 20, 30, 40, 50 ఉన్నాయి. మనకు కావలసింది 50. ఇండెక్స్ 0 నుంచి 4 వరకు. మధ్యది 2, అక్కడ 30 ఉంది, చిన్నది. కాబట్టి ఎడమ హద్దు 3కి వచ్చింది. 3, 4 కూడి సగం చేస్తే ఇంటీజర్ లెక్కలో 3, అక్కడ 40. ఎడమ హద్దు 4 అయింది, కుడి హద్దు కూడా 4. వైల్ కండిషన్‌లో 'తక్కువ' గుర్తు ఒక్కటే పెట్టారా, లూప్ ఇక్కడే ఆగిపోతుంది. 50 అర్రేలోనే ఉన్నా 'దొరకలేదు' అని ప్రింటవుతుంది. 'తక్కువ లేదా సమానం' ఎందుకు కావాలో ఇలా చేత్తో ఒకసారి ట్రేస్ చేస్తే జన్మలో మర్చిపోరు.

అందుకే ఫోన్ పక్కన పెట్టి, టైం చూసుకుని, కాగితం మీద పెన్నుతో రాయండి. పరీక్షలో తప్పులు పట్టి చూపే కంపైలర్ ఉండదు. రాశాక ప్రతి వేరియబుల్ విలువ ఎలా మారుతోందో పట్టిక గీయండి. ఆ తర్వాతే టైప్ చేయండి, అదీ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు. మధ్యలో దిద్దకండి. జీసీసీ కంపైలర్ చూపించే ఎర్రర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏ గైడూ ఇవ్వలేని ఇంపార్టెంట్ క్వశ్చన్స్ అవే.

ప్రోగ్రాం సరిగ్గా నడిచాక ప్రశ్నను కాస్త మార్చండి. అర్రే పెద్ద నుంచి చిన్నకు ఉంటే ఏ లైన్లు మారతాయి? ఒకే సంఖ్య రెండుసార్లు ఉంటే మొదటిదాన్ని ఎలా పట్టుకుంటారు? పేపర్ సెట్ చేసేవాళ్లు మార్చేదీ ఇలాగే.

పాత గైడ్లతో ఒక్క జాగ్రత్త. కోనియో హెడర్ ఫైలు, క్లియర్ స్క్రీన్ టర్బో సీ అనే పాత కంపైలర్ కాలానివి, మన ల్యాబ్‌లో లినక్స్ మీద కంపైల్ కావు. టైప్ చేసిన లైనును చదివే గెట్స్ ఫంక్షన్‌ను 2011 సీ స్టాండర్డ్ నుంచే తీసేశారు, ఎఫ్‌గెట్స్ వాడండి.

వచ్చే ల్యాబ్‌కు ఏదో ఒక పాత పేపరు పార్ట్ బీ నుంచి ఒక ప్రోగ్రాం రాసి తెండి. కొట్టివేతలున్నా పర్వాలేదు. పక్కన ట్రేస్ పట్టిక మాత్రం ఉండాలి. ఒక్కొక్కరితో కూర్చుని చూస్తాను.