వీధి తిరుపతికి వెళ్ళిందట!

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదువుకునే ఒక పాఠశాలలో చాలా ఏళ్ళు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు నేను ఇంగ్లీషు చెప్పాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్య పెరుగుతున్న పిల్లలు వాళ్ళు. ఒకనాడు ఆరో తరగతిలో నల్లబల్ల మీద 'ద మ్యాన్ హూ సెల్స్ ఫ్లవర్స్ ఇన్ అవర్ స్ట్రీట్ హాజ్ గాన్ టు తిరుపతి' అని ఒక వాక్యం రాశాను. ఒక అబ్బాయి లేచి, ఎక్కడా తడబడకుండా, ఉచ్చారణలో వంక పెట్టడానికి వీల్లేకుండా చదివాడు. తిరుపతికి వెళ్ళింది ఎవరని అడిగితే, బల్ల వంక కాసేపు చూసి, 'స్ట్రీట్, మిస్' అన్నాడు.

తరగతి అంతా గొల్లుమంది. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఇంటికి వెళుతూ దారిలో ఆలోచిస్తే, ఆ జవాబు వెనుక ఒక న్యాయం ఉందని తోచింది. అదే మాటను తెలుగులో 'మా వీధిలో పూలు అమ్మే మనిషి తిరుపతికి వెళ్ళాడు' అంటాం. వివరమంతా ముందే వచ్చేస్తుంది, ఆ వివరం పూర్తయ్యాక మనిషి వస్తాడు, అక్కడి నుంచి వాక్యం తిన్నగా క్రియకు చేరుతుంది. ఇంగ్లీషులో మనిషి మొదటే వస్తాడు, అతని వివరం వెనక తోకలా వేలాడుతుంది, ఆ తోక దాటితే తప్ప క్రియ కనబడదు. క్రియకు ముందు, దానికి ఆనుకుని ఏ పేరు ఉందో చూసుకున్న పిల్లవాడికి అక్కడ వీధే దొరికింది. తమిళ వాక్యం నడక కూడా ఈ విషయంలో మన వాక్యం నడకే కనుక, పక్క బెంచీలోని తమిళ పిల్లలకూ అదే చిక్కు ఎదురైంది.

ఐదో తరగతి దాకా పొట్టి వాక్యాలతో నడిచిన పిల్లలకు ఆరు, ఏడు తరగతుల్లో సైన్సులోనూ సోషల్‌లోనూ ఇలాంటి తోకల వాక్యాలే పేజీకి నాలుగు తగులుతాయి. మనమేమో 'గట్టిగా చదువు' అంటాం, గట్టిగా చదవగానే చదువు వచ్చేసిందని సంతోషిస్తాం. ఆ మర్నాటి నుంచి నేను ఇంగ్లీషు వాక్యం కిందనే తెలుగు వాక్యం రాసి, తోక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పిల్లల చేతే గీత గీయించాను. ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట వినబడితే తప్పుగా చూసే పెద్దలు ఉన్నారు, ఆ పట్టింపు నాకు ఎన్నడూ లేదు. మరో ఉదాహరణ చెబుతాను. 'ఎ', 'ద' అనే చిన్న మాటలు మన పిల్లలను ఏళ్ళ తరబడి ఏడిపిస్తాయి. నియమాలు వల్లె వేయించినా ఫలితం కనబడని చోట, 'అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు' అన్న రెండు ముక్కలు పని చేశాయి. మొదటిసారి వినేవారికి తెలియని రాజు 'ఒక' రాజు, రెండోసారికి తెలిసినవాడు 'ఆ' రాజు. ఇంగ్లీషులో ఆ చిన్న మాటలు వాడే చోట్లన్నీ దీనితో తేలవు, నిజమే, కానీ కథ రాసే పిల్లకు సగం దారి దొరికినట్టే.

ఈ సందర్భంలో మన రెండు నగరాలకూ చెందిన ఒక ప్రయత్నాన్ని గుర్తు చేసుకోవాలి. ఇంగ్లీషు బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు పరిసరాల్లోని కొన్ని మామూలు పాఠశాలల్లో, వ్యాకరణ పాఠాలను వరుసగా పేర్చకుండా, పిల్లలకు రైలు వేళల పట్టికలు, పటాలు వంటివి ఇచ్చి, వాటితో లెక్క తేల్చే పనులు చేయించే పద్ధతిని నడిపించారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు వ్యాకరణం లోలోపల కుదురుకుంటుందన్నది ఆయన నమ్మకం. ముందు అలాంటి పనినే తరగతి అంతా టీచరుతో కలిసి చేస్తుంది, తరువాత ప్రతి పిల్లా సొంతంగా చేసుకుంటుంది. నేను దాన్ని మా పిల్లలకు తగినట్టు మార్చుకున్నాను. సూళ్లూరుపేట నుంచి అత్తయ్య వస్తుంది, సాయంత్రం ఐదింటికి తాంబరంలో పెళ్ళి, ఏ రైలు పట్టుకోవాలి, సెంట్రల్ దగ్గర దిగి పార్క్ స్టేషనుకు నడవడానికి ఎంత సేపు వదులుకోవాలి? ఆ పట్టికను ఎవరూ పైకి చదవలేదు, అందరూ మౌనంగా, వేలు పెట్టి మరీ చదివారు. అయితే, ఈ పద్ధతి చదవడానికి చేసినంత మేలు రాయడానికి చేయదని నా అనుభవం.

చదివే పుస్తకం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎవరి సాయమూ లేకుండా ఒక పాఠం అర్థం కావాలంటే అందులోని నూరు మాటల్లో సుమారు 98 ముందే తెలిసి ఉండాలని ఈ రంగంలోని పరిశోధకులు లెక్క కట్టారు. ఆ కొలతతో చూస్తే ఏడో తరగతి పాఠ్యపుస్తకం మన పిల్లల్లో చాలామందికి బరువే. మూడో తరగతి స్థాయి కథల పుస్తకం చేతికిస్తే చిన్నతనమని అనుకోవద్దు. కోట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లలకు ప్రత్యేక విభాగమే ఉంది, ఆదివారం పూట అక్కడికి తీసుకువెళ్ళి, ఏ పుస్తకం తీసుకోవాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

ఇక రాయడం దగ్గర నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి కొన్నేళ్ళు నోటు పుస్తకాల నిండా ఎర్ర సిరా పోసేదాన్ని. పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేసేవారు, అవే తప్పులు పై వారం మళ్ళీ వచ్చేవి. చదివేది టీచరు ఒక్కతే అయినప్పుడు, అర్థమయ్యేలా రాయాలన్న బెంగ పిల్లలకు ఎందుకు ఉంటుంది? అందుకని బడి నుంచి ఇంటికి దారి ఇంగ్లీషులో రాయమని, ఆ కాగితాన్ని స్నేహితుల చేతికి ఇచ్చి, దాన్ని బట్టి పటం గీయమన్నాను. పెరంబూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి 'టర్న్ అండ్ గో స్ట్రెయిట్' అని రాసింది. గీసిన పిల్ల కుడికి తిప్పింది. ఇల్లు కాస్తా రైలుపెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ కర్మాగారం ప్రహరీ గోడకు అవతల, ఆ పెట్టెల మధ్య పడింది. 'మా ఇల్లు అక్కడ లేదే!' అని ఆ అమ్మాయి పటం లాక్కుని, నన్ను ఏమీ అడగకుండానే తన కాగితంలో 'టర్న్' పక్కన 'లెఫ్ట్' అని చేర్చి, కాసేపు ఆలోచించి, దాని కింద 'ఆఫ్టర్ ద టీ షాప్' అని కూడా రాసింది.