రంగు నూలులోనే ఉంది: డిజిటల్ టీవీ కార్యక్రమాలను కంప్యూటర్‌లో దాచుకోవడం

నమస్కారం. "మా కంప్యూటర్ పదేళ్ల నాటిది, దాని మీద టీవీ రికార్డింగ్ ఎక్కడ నడుస్తుంది?" అనే మాట నల్గొండలోనూ, మిర్యాలగూడలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ఎందరో నాతో అన్నారు. ఆ భయం వల్లనే చాలామంది టీవీ ముందు ఫోను పట్టుకుని నిలబడుతున్నారు, లేదా సెట్‌టాప్ బాక్సు వెనుక, అందులోంచి వచ్చే బొమ్మను కంప్యూటర్‌లోకి పట్టే క్యాప్చర్ బాక్సు తగిలించి, వచ్చిన బొమ్మను మళ్లీ కుదించడానికి రాత్రంతా కంప్యూటర్‌ను నడిపిస్తున్నారు. ఆ శ్రమ చూస్తే నిజంగా మనసు చివుక్కుమంటుంది. డిజిటల్ టీవీని రికార్డు చేసేటప్పుడు మన కంప్యూటర్ బొమ్మను తయారు చేయనక్కరలేదు, తయారై వచ్చినదాన్ని ఉన్నదున్నట్టుగా దాచుకుంటే చాలు.

(తెరపై: ఇక్కత్ చీర, పక్కన రంగు అద్దిన నూలు చిలప)

మా మేనమామగారి ఇల్లు ఇక్కత్ చీరలు నేసే పుట్టపాకలో. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడల్లా మగ్గం పక్కన కూర్చుని, పువ్వు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియక చూస్తూ ఉండేవాణ్ణి. ఒక రోజు మామయ్య కండెలో నుంచి ఒక పోగు లాగి నా అరచేతిలో పెట్టారు. వేలెడు మేర ఎరుపు, గింజంత తెలుపు, మళ్లీ ఎరుపు. పువ్వంతా ఆ పోగులోనే ఉంది. ఆసు పోసి, రంగు అంటకూడని చోట చిటికి కట్టి, రంగులో ముంచినప్పుడే చీర మీద ఏ పువ్వు ఎక్కడ పడాలో తేలిపోయింది. మగ్గం ఆ పోగులను వాటి వరుసలో, వాటి చోట నిలబెడుతుంది, అంతే.

డిజిటల్ టీవీ కూడా అచ్చం ఇలాంటిదే. దూరదర్శన్ ఫ్రీ డిష్‌ను తీసుకుంటే, బొమ్మను, శబ్దాన్ని అంకెలుగా మార్చి ఎంపెగ్-2 లేదా ఎంపెగ్-4 పద్ధతిలో కుదించే పని ప్రసారం చేసేవారి వైపే పూర్తయి, ఆ తరువాతే ఉపగ్రహానికి వెళుతుంది. అక్కడే రంగు అద్దకం అయిపోయింది. మన డాబా మీది డిష్‌లో పడేది రంగు అద్దిన నూలు, మన టీవీ దాన్ని నేసి చూపే మగ్గం. దాచుకోవలసింది ఆ నూలును. క్యాప్చర్ బాక్సుతో పట్టడమంటే, నేసిన చీరను ఎదురుగా పరచుకుని, తెల్లబట్ట మీద కుంచెతో మళ్లీ గీయడం. ఎంత ఖరీదైన కుంచె కొన్నా అది నకలే అవుతుంది.

మొదట్లో నేను కూడా ఆ పనే చేశాను. హైదరాబాద్ దూరదర్శన్ చానెల్ 2014లో యాదగిరి అయింది కదా, అందులో మా అమ్మ బతుకమ్మ ఆడిన కార్యక్రమం వస్తే క్యాప్చర్ బాక్సుతో పట్టాను. ఫైలు ఏడు గిగాబైట్లయింది. అయినా తంగేడు పువ్వు పసుపుకూ, గునుగు తెలుపుకూ మధ్య ఉండవలసిన అంచు చెరిగిపోయింది. అప్పటి నుంచే ఈ విషయం మీద నాకు పట్టుదల.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక మామూలు చానెల్ సెకనుకు 3 మెగాబిట్లు తీసుకుంటుందనుకుంటే, గంటకు 1.35 గిగాబైట్లు అవుతుంది. అంటే సెకనుకు 0.4 మెగాబైటు కూడా డిస్కు మీద రాయనక్కరలేదు. పదేళ్ల నాటి హార్డ్ డిస్కు సెకనుకు పదుల మెగాబైట్లు రాయగలదు. ప్రాసెసర్‌కు దాదాపు పనే ఉండదు, కాబట్టి రికార్డింగ్ కోసం కొత్త కంప్యూటర్ కొనమని మీకు ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి.

ఈ నూలు ఇంటికి చేరే తీరు నాకు ఎంతో ఇష్టమైన సంగతి. ఉపగ్రహంలో ప్రసారాన్ని అందుకుని తిరిగి కిందికి పంపే భాగాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. ఒక్కో ట్రాన్స్‌పాండర్ ఒక్క చానెల్‌ను మాత్రమే మోయదు, పది పదిహేను చీరల నూలును ఒకే మూటగా కట్టి పంపుతుంది. ఆ మూటలో ప్రతి ముక్క సరిగ్గా 188 బైట్లు ఉంటుంది. అందులో మొదటి 4 బైట్లు చీటీ, ఆ చీటీ మీద పీఐడీ అనే అంకె ఉంటుంది. 0 అంకె గల ముక్కల్లో మూటలోని చానెళ్ల పట్టిక ఉంటుంది, ఆ పట్టిక చూపిన చోట ఒక్కో చానెల్ బొమ్మది ఏ అంకె, శబ్దానిది ఏ అంకె అన్నది రాసి ఉంటుంది. కంప్యూటర్ చీటీలు చదివి, మనం అడిగిన చానెల్ ముక్కలను వేరు చేసి, వచ్చిన వరుసలోనే డిస్కు మీద పేరుస్తుంది. కాబట్టి ఒకే ట్రాన్స్‌పాండర్ మీద ఉన్న రెండు మూడు చానెళ్లను కంప్యూటర్‌లో పెట్టుకునే ఒక్క టీవీ కార్డుతోనే ఒకేసారి దాచుకోవచ్చు. వేరే ట్రాన్స్‌పాండర్ మీది చానెల్ కూడా అదే సమయానికి కావాలంటే మాత్రం రెండో కార్డు ఉండాలి.

కార్డు కొనేటప్పుడు డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ డిజిటల్ ప్రసార పద్ధతి పేరు) అని రాసి ఉన్నదే కొనండి. "టీవీ ట్యూనర్" పేరుతో తక్కువ ధరకు దొరికే పాత అనలాగ్ కార్డులతో ఈ పని జరగదు. డబ్బు చెల్లించే డీటీహెచ్ చానెళ్లకు తాళం వేసి పంపుతారు గనుక, ఈ పద్ధతి తాళం లేని ఉచిత చానెళ్లకే వర్తిస్తుంది.

ఫ్రీ డిష్ వచ్చేది 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్-15 నుంచి. అది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్ద ఉంటుంది. నల్గొండ నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది, మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ తగ్గుతుంది. డిష్ ముందర తరంగాలను పట్టే చిన్న పరికరం, అంటే ఎల్‌ఎన్‌బీ, పై నుంచి వచ్చిన తరంగాల్లో 9750 మెగాహెర్ట్జ్ తీసేసి కేబుల్‌లోకి దించుతుంది, కాబట్టి 11090 మీది ట్రాన్స్‌పాండర్ కార్డుకు 1340గా చేరుతుంది. ఇంట్లో సెట్‌టాప్ బాక్సు కూడా నడవాలంటే కేబుల్‌ను మధ్యలో కోసి కలపకుండా, రెండు అవుట్‌పుట్లున్న ఎల్‌ఎన్‌బీ పెట్టించి, దాని నుంచి కార్డుకు వేరుగా కేబుల్ లాగించండి.

వానాకాలంలో బొమ్మ గళ్లు గళ్లుగా చెదరడానికి కారణం కూడా నూలులోనే ఉంది. పోగు తెగితే ఆ వరుసలో పువ్వు చెదిరినట్టే, వాన మబ్బులో కొన్ని ముక్కలు పోతే ఆ చోట బొమ్మ చెదురుతుంది. అయితే చీరలో చెడేది ఆ వరుసే, ఇక్కడ చెడు కొంతసేపు సాగుతుంది. ప్రసారంలో ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపరు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ పంపి, మధ్యలో మారిన భాగాలను మాత్రమే పంపుతారు. అందువల్ల ఒక ముక్క పోతే, మళ్లీ పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆ మచ్చ అలాగే పాకుతుంది. పోయిన ముక్క ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు, కాబట్టి డిష్‌ను ఎండ రోజున వచ్చే సిగ్నల్‌తో సరిపెట్టుకోకుండా, వీలైనంత గరిష్ఠానికి సరిచేసుకోండి.

సమయం దగ్గర పడింది కాబట్టి మిగతా మెట్లు త్వరగా చెబుతాను. లినక్స్ మీద టీవీహెడ్‌ఎండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, రికార్డింగ్ ప్రొఫైల్ దగ్గర పాస్‌త్రూ ఎంచుకుంటే నూలు నూలుగానే, టీఎస్ ఫైలుగా నిలుస్తుంది. ప్రసారాలు చెప్పిన సమయానికే మొదలుకావు, కాబట్టి ముందు 5 నిమిషాలు, వెనుక 10 నిమిషాలు అదనంగా పెట్టండి. ప్రకటనలు కోసేటప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాపీ పద్ధతి వాడితే మళ్లీ కుదించడం ఉండదు, కాకపోతే కోత పూర్తి బొమ్మ ఉన్న చోటనే శుభ్రంగా పడుతుంది, పువ్వు మధ్యలో కత్తెర పెట్టకూడదన్నట్టు. బొమ్మకూ శబ్దానికీ పొత్తు కుదిర్చే కాలసూచిక సుమారు 26.5 గంటలకొకసారి సున్నాకు తిరుగుతుంది. ఆ తిరుగుడు మీ ఫైలు మధ్యలో పడి ప్లేయర్ నిడివిని తప్పుగా చూపినా ఫైలు చెడిందనుకుని తీసేయకండి. 1957 కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం ప్రసారాన్ని సొంతంగా చూసుకోవడానికి రికార్డు చేసుకోవచ్చు. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం అందులోకి రాదు.

చివరగా, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీకి పెట్టేవారికి ఒక మాట. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 గిగాబైట్లకు (పైన మనం వేసిన లెక్కలో సుమారు 4.3) మించి పట్టదు, మన లెక్కన మూడు గంటల పది నిమిషాలు దాటిన రికార్డింగ్ కాపీ మధ్యలోనే ఆగిపోతుంది. ముందుగా పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోండి, మీ టీవీ దాన్ని చదవకపోతే ఫైలునే రెండు ముక్కలుగా కోసుకోండి.